జాయింటరమ్మ కారులో నిప్పురవ్వ

ఉద్యోగంలోంచి దిగిపోయిన కొద్ది రోజులకే జాయింటరమ్మ ఒక పాత టర్బో కారు కొనుక్కుంది. అది ఇంటిముందు ఆగిన రోజున నవ్వని మనిషి ఆ వీధిలో లేడు. రెండే తలుపులు. వెలిసి వెలిసి ఇటుక రంగుకు తిరిగిన ఎరుపు. ఆకారానికి మించిన చప్పుడు.

"పిట్ట కొంచెం, కూత ఘనం" అన్నాడు ఎదురింటి దర్జీ.

"కూతే విన్నావు, ఎగరడం కూడా చూద్దువుగాని" అంది జాయింటరమ్మ, స్టీరింగు ముందు నుంచి లేవకుండానే.

ఆమె టెలిఫోన్ కంపెనీలో కేబుల్ జాయింటరుగా పనిచేసింది. భూమిలో పాతిన లావుపాటి కేబుల్లో వందల జతల సన్నతీగలుంటాయి. వాటిలో ఎక్కడో ఒకటి తెగుతుంది. తెగినచోటు పట్టుకుని, గొయ్యి తవ్వించి, అందులోకి దిగి, రంగుకు రంగు కలిపి మళ్ళీ అతకడం ఆమె పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోతిలోకి దిగడం ఆడవాళ్ళ వల్ల కాదన్నాడట మేస్త్రీ. "దిగింది ఆడో మగో గోతికి తెలుస్తుందా?" అని అడిగి ఆమె దిగిపోయింది. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా గోతుల్లోకి దిగుతూనే ఉంది. కంపెనీ వ్యాను ఎక్కినన్నాళ్ళూ వెనకాల కేబుల్ చుట్టల మధ్యే కూర్చుంది. ముందు సీటు డ్రైవరుది, పక్క సీటు మేస్త్రీది. అందుకే రిటైరయ్యాక కొన్న మొదటి వస్తువు కారు. అదీ మామూలు కారు కాదు.

టర్బో అంటే ఏమిటని అడిగినవాళ్ళకు ఆమె ఓపికగా చెప్పేది. ఇంజిన్ వదిలే వేడి పొగ ఊరికే బయటికి పోకుండా ఒక చిన్న పంకాను తిప్పుతుంది. ఆ పంకా ఇంజిన్‌లోకి మరింత గాలిని తోస్తుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే పరుగు ఎక్కువ. "పారబోసేదాన్నే పనికి పెట్టుకుంటుంది. నాకు నచ్చిందక్కడే" అనేది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు బీమా కంపెనీలో ఉద్యోగి. ఏ వయసువాళ్ళకు ఏ ప్రమాదం ఎంత దగ్గరో లెక్కగట్టడం అతని పని. ఆఫీసులో వేసే లెక్క ఇంటికొచ్చాక కూడా ఆగేది కాదు. కోడలు ఊరి చివర నీళ్ళ పంపుల కేంద్రంలో పనిచేసేది. గోడ పొడుగునా ఉన్న మీటర్లను చూస్తూ, ఏ ముల్లు ఎక్కడ తడబడినా పసిగట్టడం ఆమె పని. తక్కువ మాటల మనిషి. అత్తాకోడళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం అని చెప్పలేం. ఒకరి దారికి ఒకరు అడ్డం వచ్చేవాళ్ళు కారు, అంతే.

ఆ మధ్య ఒకరోజు మెట్లు దిగుతుంటే జాయింటరమ్మకు కళ్ళు తిరిగాయి. రెండు మెట్లు జారి కూర్చుండిపోయింది. దెబ్బ పెద్దది కాదు, డాక్టరు కూడా కంగారుపడాల్సిందేమీ లేదన్నాడు. కానీ కొడుకు కంగారు డాక్టరు మాట వినే రకం కాదు. మెట్లకు రెండువైపులా ఇనప కడ్డీలు వేయించాడు. అటక మీదికి ఎక్కకుండా నిచ్చెన ఎవరికో ఇచ్చేశాడు. ఇస్త్రీపెట్టె ఎత్తైన అరలో పెట్టాడు. ఇక మిగిలింది కారు. దాని జోలికి మాత్రం, తల్లి నోటికి జడిసి, వెళ్ళకుండా ఊరుకున్నాడు.

కారు తనంతట తానే అతనికి ఆ అవకాశం ఇచ్చింది.

ఎండ మండే ఒక మధ్యాహ్నం, నాలుగు రోడ్ల కూడలిలో, ఎర్రదీపం పచ్చగా మారిన క్షణంలో ఇంజిన్ ఆగిపోయింది. దగ్గు లేదు, కుదుపు లేదు. ఎవరో స్విచ్చి ఆపేసినట్టు ఠక్కున ఆగింది. వెనక హారన్లు మోగాయి. జాయింటరమ్మ తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గాని ఇంజిన్ అందుకోవడం లేదు. నలుగురు కలిసి పక్కకు నెట్టారు. కాసేపు నీడలో నిలబెట్టాక మళ్ళీ స్టార్టయింది. ఇంటికైతే చేరింది. మర్నాటి నుంచి మాత్రం ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా గిర్రుగిర్రుమనడమే తప్ప ప్రాణం రాలేదు.

మెకానిక్ వచ్చాడు. ప్లగ్గులు మార్చాడు. ప్లగ్గు వైర్లు మార్చాడు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూసి అదీ మార్చాడు. చివరికి బానెట్ మీద చేతులు ఆనించి నిట్టూర్చాడు.

"స్పార్క్ రావట్లేదమ్మా. నాకు తెలిసినవన్నీ మార్చేశాను. ఇక ఆ పెట్టె పోయి ఉండాలి, రవ్వ పుట్టించే కాయిల్‌ని నడిపించే పెట్టె. అది ఇప్పుడెక్కడా దొరకదు. వయసైపోయిందమ్మా."

"ఎవరికి?" అంది జాయింటరమ్మ.

మెకానిక్ నాలిక కరుచుకుని, "బండికమ్మా, బండికి" అన్నాడు.

ఆ సాయంత్రం టీ తాగుతూ కొడుకు మెల్లగా మొదలుపెట్టాడు. పాత ఇనుము దుకాణంవాడితో మాట్లాడాననీ, వచ్చే శనివారం లారీ తెచ్చి కారు ఎత్తుకుపోతాడనీ చెప్పాడు.

"నా కారు గురించి నువ్వెవరితో మాట్లాడావు?"

"అమ్మా, అది ఇక కదలదు. వాకిట్లో తుప్పు పట్టించుకుంటూ కూర్చుందామా? దేవుడు మంచే చేశాడనుకో. ఆ కూడలిలో వెనకనుంచి లారీ వచ్చుంటే?"

"వచ్చుంటే వచ్చుండేది. రాలేదుగా. తాళం ఏదీ?"

కారు తాళం అరుగు గోడకున్న మేకుకు లేదు. కొడుకు కప్పు కింద పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నా దగ్గరుంది. ఉండనీ. ఎలాగూ నడవని కారుకు తాళమెందుకు?"

జాయింటరమ్మ ముఖం ఎంత ఎర్రబడిందంటే, కోడలు లేచి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి ఒక తాళం అత్తగారి ముందు బల్ల మీద పెట్టింది. కారు కొన్నప్పుడు దాంతో వచ్చిన రెండో తాళం అది.

"ఇది నీ దగ్గరెందుకుంది?" అన్నాడు కొడుకు, తెల్లబోయి.

"అత్తయ్యగారే దాచమన్నారు, కొన్నప్పుడు. అడిగితే ఇవ్వాలిగా, ఆవిడ వస్తువు" అంది కోడలు. అని మళ్ళీ తన టీ కప్పు అందుకుంది.

"ఇద్దరూ ఒక్కటయ్యారన్నమాట" అన్నాడతను.

"అత్తాకోడళ్ళు ఒక్కటైతే ఏమవుతుందో నువ్వే చూస్తావు" అంది జాయింటరమ్మ, తాళం అందుకుంటూ. "శనివారం దాకా వ్యవధి ఇచ్చావు కదా. చాలు."

ఆమెకు కార్ల రిపేరు రాదు. కానీ తెగిన చోటును వెతకడమంటే ఏమిటో ఆ వీధిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పొద్దున్నే పాత పనిముట్ల పెట్టె బయటికి తీసింది. తోలు చేతితొడుగులు, టెస్ట్ ల్యాంపు, తీగలు ఒలిచే కత్తెర, సోల్డరింగ్ కడ్డీ, రంగురంగుల తీగముక్కలు. అన్నీ ఉన్నాయి. బానెట్ ఎత్తి, ముందు ఏది బాగుందో తేల్చుకుంటూ వచ్చింది. ఏది పోయిందని కాదు, ఏది బాగుందని మొదలుపెట్టడం ఆమె అలవాటు.

పెట్రోలు అందుతోందా? ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంది, వాసన గుప్పుమంది. అందుతోంది. ఆ ప్లగ్గును ఆరబెట్టి మళ్ళీ దాని వైరుకు తగిలించింది. పెట్రోలు వాసనకు దూరంగా, ఇంజిన్ ఇనుముకు ఆనేలా చెక్క పట్టకారుతో పట్టుకుని, సెల్ఫ్ కొట్టమని కోడలికి కేకేసింది. నీలిరంగు నిప్పురవ్వ చిటచిటమని ఎగరాల్సిన చోట చీకటే ఉంది. రవ్వ లేదు. కాయిల్‌కు కరెంటు వస్తోందా? టెస్ట్ ల్యాంపు పెడితే వెలిగింది. వస్తోంది.

"కరెంటు లోపలికి వెళ్తోంది, నిప్పు బయటికి రావట్లేదు. అంటే కాయిలే దొంగ" అని తేల్చేసింది.

కాయిల్ కోసం ఆమె వెళ్ళింది ఎక్కడికనుకున్నారు? శనివారం తన కారును ఎత్తుకుపోవడానికి ఒప్పుకున్న ఆ పాత ఇనుము దుకాణానికే. ఊరవతల గోడల్లేని మైదానంలో కార్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. దుకాణందారు కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. బొద్దుమనిషి. ఆమె ఫలానా అని తెలియగానే లేచి నిలబడ్డాడు.

"మీ అబ్బాయిగారు శనివారం రమ్మన్నారే, పెద్దమ్మా?"

"రా. వచ్చి టీ తాగి వెళ్ళు. ఇప్పుడు మాత్రం నాకొక కాయిల్ కావాలి."

అతను కడుపుబ్బ నవ్వాడు. నవ్వుతూనే కార్ల గుట్టలోకి దూరి, అదే రకం కారులోంచి ఒక కాయిల్ విప్పుకొచ్చాడు. ఆమె అడగకుండానే దాని సంగతి కూడా చెప్పాడు.

"కాయిల్‌కి కరెంటు ఎప్పుడూ ఉంటుంది పెద్దమ్మా. అది టక్కున తెగిన క్షణంలో రవ్వ పుడుతుంది. ఎప్పుడు తెంచాలో చెప్పేది డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటుంది, సెన్సర్ అంటారు. ఇంజిన్ తిరిగినకొద్దీ అది పెట్టెకు సైగ చేస్తూ ఉంటుంది. పెట్టె ఆ సైగ చూసి కాయిల్ కరెంటు తెంచుతుంది, కలుపుతుంది."

జాయింటరమ్మ కాయిల్‌ను చేతిలో తూచి చూస్తూ ఆలోచించింది. "పాత ఫోన్లకు వేలు పెట్టి తిప్పే డయల్ ఉండేది చూశావా? అది వెనక్కి తిరుగుతూ ఒక్కో అంకెకు లైనును తెంచి కలిపేది. అదే పద్ధతి."

"అదీ పెద్దమ్మ మాట. నాకింతవరకూ ఇంత సుళువుగా ఎవరూ చెప్పలేదు" అన్నాడు దుకాణందారు.

ఆమె ఉత్సాహంగా ఇంటికొచ్చి కాయిల్ మార్చింది. కోడలి చేత సెల్ఫ్ కొట్టించింది. గిర్రు, గిర్రు, గిర్రు. అంతే. మళ్ళీ విప్పింది, మళ్ళీ బిగించింది, మళ్ళీ కొట్టించింది. బ్యాటరీ నీరసించేదాకా కొట్టించింది. ఎదురింటి దర్జీ కిటికీలోంచి చూసి లోపలికి జరిగాడు. నవ్వలేదు. అతను నవ్వకపోవడమే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

కొడుకు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె కారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులనిండా నల్లటి మడ్డి. మెటికమీద చర్మం లేచి రక్తం కనపడుతోంది.

"అమ్మా, చాలు. నీ చేతులు చూసుకో" అన్నాడతను.

"చూసుకున్నా. నా చేతులే."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎలా? మెకానిక్కే చేతులెత్తేశాడు. నువ్వు ఏం రుజువు చేద్దామనీ?"

"రుజువా? నేనేమన్నా కోర్టుకెక్కానా? నా కారు పాడైంది, బాగు చేసుకుంటున్నాను. నువ్వే దాన్ని నా వయసుకు ముడిపెడుతున్నావు."

"నేను భయపడుతున్నానమ్మా! ఆ రోజు మెట్ల దగ్గర నిన్ను చూసినప్పట్నుంచీ నాకు నిద్రలేదు. నువ్వు స్టీరింగు ముందుంటే ఆఫీసులో నాకు పని జరగదు. అది నీకు అర్థం కాదా?"

జాయింటరమ్మ అతనికేసి చూసింది. ఆ భయం ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు తను గోతిలోకి దిగడం చూసి గట్టు మీద నిలబడి ఏడ్చిన పిల్లవాడు వీడే. అప్పుడూ ఆమె పైకి రాలేదు. పని అయ్యాకే వచ్చింది.

"అర్థమైందిరా" అంది, గొంతు కాస్త తగ్గించి. "కానీ భయం నీది, కారు నాది. నీ భయం పోవడానికి నా కారు అమ్మితే, రేపు ఇంకొకటి అడుగుతావు. నిచ్చెన పోయింది. ఇస్త్రీపెట్టె పైకెక్కింది. ఇప్పుడు కారు. ఆ తర్వాత గడప దాటొద్దంటావు."

"అనను."

"అంటావు. ప్రేమతోనే అంటావు. అందుకే నీకంటే నీ ప్రేమతో పోట్లాట కష్టంగా ఉంది నాకు."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగానే మూసుకుంది.

కోడలు అప్పటిదాకా కారు లోపల, స్టీరింగు ముందే కూర్చుని ఉంది. ఆ పూటంతా సెల్ఫ్ కొట్టింది ఆమే. నెమ్మదిగా దిగి వచ్చింది.

"అత్తయ్యా, ఒకటి అడగనా? కారు బాగున్నప్పుడు, స్టార్టయ్యే ముందు సెల్ఫ్ తిరిగేటప్పుడు, ఇంజిన్ చుట్లు లెక్కచూపే ఆర్‌పీఎం ముల్లు కొంచెం లేస్తుంది కదా?"

"ఏమో, నేను రోడ్డు చూస్తాను గాని ముల్లు చూస్తానా?"

"నేను చూస్తాను. మీరు నన్ను పంపుల కేంద్రం దగ్గర దింపిన రోజుల్లో చూశాను. సెల్ఫ్ తిరుగుతుంటే ముల్లు సున్నా మీంచి కొద్దిగా ఎగిరెగిరి పడేది. ఇవాళ ఒక్కసారి కూడా కదల్లేదు. చచ్చినట్టు పడుంది."

జాయింటరమ్మ స్టూలు మీంచి లేచింది.

దుకాణందారు చెప్పిన మాటలు, కోడలు చూసిన ముల్లు ఆమె తలలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ ముల్లు లెక్కబెట్టేది, కాయిల్‌లో కరెంటు తెగి కలిసే సార్లనే. ముల్లు కదలడం లేదంటే కరెంటు అసలు తెగడమే లేదు. తెంచమన్న సైగ అందడం లేదు. కాయిల్ దొంగ కాదు, దాన్ని ఎవరూ పిలవడం లేదు. తప్పు సెన్సర్‌లోనన్నా ఉండాలి, పెట్టెలోనన్నా ఉండాలి, ఆ రెంటి మధ్య తీగలోనన్నా ఉండాలి.

"నీ కళ్ళు బంగారం కానూ! ఇంతసేపూ ఎందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు" అంది కోడలు. అని నవ్వింది. ఆ నవ్వు చూడడం జాయింటరమ్మకు అదే మొదటిసారేమో.

మర్నాడు కోడలికి సెలవు. బ్యాటరీ చార్జి చేయించుకొచ్చి, ఇద్దరూ పొద్దున్నే పనిలోకి దిగారు. ఎక్స్ఛేంజిలో పాత బోర్డుల నుంచి ఏరి పెట్టుకున్న చిన్న ఎర్రదీపం ఒకటి పనిముట్ల పెట్టెలో ఉంది. చిటికెడు కరెంటుకే వెలిగే రకం. దానికి తగిన తీగలు అతికి, ముందుగా సెన్సర్ దగ్గర తగిలించింది.

"కొట్టు!"

కోడలు తాళం తిప్పింది. ఎర్రదీపం మిణుకు మిణుకుమంది. ఇంజిన్ తిరిగినంతసేపూ కన్నుకొడుతూనే ఉంది.

"సెన్సర్ బతికే ఉంది! సైగ చేస్తూనే ఉంది పాపం, వినేవాడే లేడు" అంది జాయింటరమ్మ.

తర్వాత అదే దీపాన్ని తీగ రెండో చివర, మెకానిక్ పోయిందన్న ఆ పెట్టె దగ్గర తగిలించింది.

"కొట్టు!"

దీపం వెలగలేదు. మళ్ళీ కొట్టించింది. వెలగలేదు.

జాయింటరమ్మ నడుం నిటారుగా చేసి నిలబడింది. ఒక చివర పలుకుతోంది, రెండో చివర వినపడడం లేదు. అంటే తీగ మధ్యలో తెగింది. ఇన్నేళ్ళు ఆమె తిన్న తిండి ఈ ఒక్క మాట మీదే. కారు అనే పరాయి ఊరినుంచి ఒక్క అడుగులో సొంత వీధిలోకి వచ్చిపడినట్టయింది.

"ఇక ఇది నా ఇలాకా" అంది.

తీగలన్నీ కలిపి నల్లటి నేత గొట్టంలో చుట్టి ఉన్నాయి. పైకి ఎక్కడా గీత కూడా లేదు. ఆమె కళ్ళు మూసుకుని, చేతితొడుగు తీసేసి, ఆ చుట్టను సెన్సర్ వైపు నుంచి వేళ్ళతో తడుముతూ వెళ్ళింది. ఇంజిన్ వెనక, టర్బోకు జానెడు దూరంలో వంపు తిరిగే చోట ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడ గొట్టం బిరుసెక్కి ఎండుపుల్లలా ఉంది. నేతను కత్తెరతో చీల్చింది. లోపల తీగల పైపొరలు వేడికి మాడి రంగు మారిపోయాయి. ఒక్కొక్కదాన్నే వంచి చూసింది. రెండు గట్టిగా ఎదురుతిరిగాయి. మూడోది, సైగ మోసే తీగ, ఒకచోట చచ్చుబడిన వేలిలా వంగిపోయింది. పైపొర అలాగే ఉంది, లోపల రాగి తెగింది.

"ఇక్కడ చూడు. టర్బో వేడికి అడ్డుగా ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. రోజూ ఇది పొయ్యిపక్కన కూర్చున్నట్టే. మాడి మాడి తెగింది. మొదట్లో వేడెక్కితే విడిపోయేది, చల్లబడితే అతుక్కునేది. ఆ రోజు కూడలిలో జరిగింది అదే. ఇప్పుడు పూర్తిగా విడిపోయింది."

కోడలు వంగి చూసింది. "ఈ వెంట్రుకంత తీగ కోసమా లారీ వస్తోంది?"

అన్నట్టే లారీ వచ్చింది. ఆ రోజే శనివారం. పాత ఇనుము దుకాణందారు ముందు సీటులోంచి దిగాడు. లారీ చప్పుడు విని కొడుకు బయటికొచ్చాడు. దర్జీ దుకాణం తలుపు దగ్గరికి చేరాడు. ఆ వీధిలో ఆ సమయానికి ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఏదో ఒక పని కల్పించుకుని వాకిళ్ళలోకి వచ్చారు.

"ఎత్తమంటారా సార్?" అన్నాడు దుకాణందారు, కొడుకుతో. కళ్ళు మాత్రం జాయింటరమ్మ మీదున్నాయి.

"ఎత్తు" అన్నాడు కొడుకు.

"ఎత్తితే నాతో సహా ఎత్తాలి" అంది జాయింటరమ్మ, బానెట్ కిందినుంచి తల బయటికి తీయకుండానే.

దుకాణందారు రెండు చేతులూ పైకెత్తాడు. "ముందు మీరు మీరు తేల్చుకోండి బాబూ. నాకు లారీ అద్దె దండగైనా పర్లేదు, ఈ పెద్దమ్మ కోపం మాత్రం వద్దు."

జాయింటరమ్మ తొందరపడలేదు. పెట్టెలోంచి పొడుగాటి ఫోను తీగ తీసింది. తెగిన తీగను వదిలేసి, సెన్సర్ నుంచి ఆ పెట్టెదాకా బయటినుంచే కొత్త తీగ లాగింది. రెండు చివరలూ ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టింది. టర్బోకు తగలకుండా ఒక గుడ్డపీలికతో పక్కకు కట్టింది. చేతులు తుడుచుకుని నిలబడింది.

"తిప్పమ్మాయ్."

కోడలు తాళం తిప్పింది. గిర్రుమంది సెల్ఫ్. "ముల్లు లేస్తోంది!" అని లోపలినుంచి కోడలు అరిచింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని వీధిలో ఎవరికీ తెలియదు. ఆ అరుపు పూర్తయ్యేలోపే ఇంజిన్ అందుకుంది. ఒక దగ్గు, ఒక నల్లటి పొగమబ్బు, ఆ తర్వాత పాత చప్పుడే. దర్జీ దుకాణం కిటికీ అద్దం గలగలమంది. లారీ దగ్గర దుకాణందారు ఈల వేశాడు.

జాయింటరమ్మ ఎగరలేదు, చప్పట్లు కొట్టలేదు. బానెట్ అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ నిలబడింది.

కొడుకు దగ్గరికొచ్చి, చప్పుడులో ఆమెకు మాత్రమే వినపడేలా అడిగాడు. "అమ్మా, దారిలో నువ్వు పడిపోతే?"

"పడిపోతే లేపు. పడిపోతానేమోనని ముందే పడుకోబెట్టకు."

అతను తల దించుకున్నాడు. ఒప్పుకున్నాడని కాదు. అయినా లారీ దగ్గరికి వెళ్ళి, దుకాణందారుతో ఏదో చెప్పి పంపేశాడు. దుకాణందారు పోతూ పోతూ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పెద్దమ్మా, వేడికి అడ్డుపెట్టే రేకు నా దగ్గరుంది. వచ్చి తీసుకెళ్ళండి!"

ఆమె ఆ రోజు కారు రోడ్డెక్కించలేదు. బయటినుంచి లాగిన తీగ పరీక్షకే గాని ప్రయాణానికి కాదని ఆమెకు తెలుసు. మాడిన తీగలన్నిటినీ కోసేసి, కొత్తవి వేసి, ఒక్కో అతుకునూ సోల్డరు చేసి, వేడి తట్టుకునే గొట్టం తొడిగి, టర్బోకు దూరంగా కొత్త దారిలో తిప్పింది. రేకు తెచ్చి బిగించింది. మెకానిక్ వచ్చి ఆ అతుకులు చూసి, ఇకనుంచి వైరింగ్ పని ఏదైనా తగిలితే పంపిస్తానన్నాడు. "పంపు, వయసైపోయినవే పంపు" అంది ఆమె. అతను సిగ్గుపడి నవ్వాడు. నిజంగానే పంపించాడు కూడా.

ఇంకొక పని కూడా చేసింది, ఎవరూ చెప్పకుండానే. తనంతట తాను కళ్ళ డాక్టరు దగ్గరికీ, గుండె డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చింది. పొద్దువాలాక నడపొద్దని కళ్ళ డాక్టరు చెప్పాడు. ఆమె ఆ మాటకు ఎదురు చెప్పలేదు. ఇంటికొచ్చి కొడుకుతో చెప్పింది: "పొద్దువాలితే నడపను. ఇది నీ భయానికి కాదు, నా కళ్ళకు ఇస్తున్న మర్యాద. మొండితనం వేరు, గుడ్డితనం వేరు."

కొడుకు చాలాకాలం ఆ కారెక్కలేదు. తల్లి బయల్దేరినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి, టైర్లు చూస్తున్నట్టు నటించేవాడు. ఒకరోజు, ఎవరూ పిలవకుండానే తలుపు తీసి పక్క సీటులో కూర్చున్నాడు. దారంతా పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఆమె వేగం తగ్గించలేదు. ఎక్కువా చేయలేదు. దిగేటప్పుడు, "బ్రేకులు కొంచెం వదులుగా ఉన్నాయనిపించింది" అన్నాడు. "చూపిస్తాలే" అందామె. వాళ్ళిద్దరి మధ్యా రాజీ అంటే అంతే.

కొన్నేళ్ళకు ఆమె మోకాళ్ళు అరిగాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ నొప్పి. ఒక పొద్దున తాళం తీసుకెళ్ళి కోడలి చేతిలో పెట్టింది. ఎవరూ అడగలేదు, ఎవరూ లాక్కోలేదు. కోడలు అప్పటికే ఆమె దగ్గర నడపడం నేర్చుకుని ఉంది. జాయింటరమ్మ పక్క సీటులోకి మారింది.

పంపుల కేంద్రానికి వెళ్ళే ఎత్తు మీద కోడలు జాగ్రత్తగా, ముళ్ళన్నీ చూసుకుంటూ నడుపుతుంటే, పక్కనుంచి ఒకటే పోరు.

"తొక్కమ్మాయ్, తొక్కు. టర్బో అందుకునేదాకా తొక్కు. ఎడ్లబండి తోలుతున్నావా ఏం?"

"మీరు రోడ్డు చూడండత్తయ్యా, నేను ముల్లు చూసుకుంటాను" అనేది కోడలు. అంటూనే కాలు కిందికి నొక్కేది.